తెనాలి జంక్షన్ పక్కన దారి వెతుకుతూ

తెనాలి మీదుగా ప్రయాణం చేయని తెలుగువాళ్లు తక్కువే. తెనాలిలో దిగి ఊళ్లోకి నడిచినవాళ్లు మాత్రం అంతమంది ఉండరని నా అనుమానం. మొన్నటిదాకా నేనూ అంతే. చెన్నై వెళ్లేటప్పుడు కిటికీలోంచి పసుపుపచ్చ బోర్డు మీద పేరు చదువుకోవడం, మళ్లీ కళ్లు మూసుకోవడం. ఈసారి నా టికెట్టు తెనాలి వరకే. బ్యాగు తీసుకుంటుంటే ఎదురు సీటాయన "ఇక్కడ మీకెవరున్నారమ్మా?" అని అడిగారు.

"స్టేషన్ ఉందండి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ పొద్దున కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఎందుకో చెబుతాను. నేను పట్టణ ప్రణాళికలు గీసే పని చేస్తాను. హైదరాబాదులో మాదొక చిన్న ఆఫీసు. తెనాలి స్టేషన్ చుట్టుపక్కల ప్రాంతాన్ని కొత్తగా ఎలా తీర్చిదిద్దవచ్చో ఒక నమూనా తయారు చేసే పని మాకు వచ్చింది. చెన్నై వెళ్లే పెద్ద లైను, గుంటూరు లైను, రేపల్లె లైను, అన్నీ ఇక్కడే కలుస్తాయి. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కేవాళ్లతో స్టేషన్ ఎప్పుడూ నిండే ఉంటుంది. కానీ స్టేషన్ దాటితే ఊరు అటు తిరిగి కూర్చున్నట్టుంటుంది. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఆ పైన ఇళ్లు, పక్కనే బస్సులు ఆగే చోటు, మధ్యలో నీడ ఉన్న నడకదారి: ఇవన్నీ ఒకేచోట అల్లుకుపోవాలన్నది ఆలోచన. రైలు దిగిన మనిషి ఇంటికి చేరేలోపు కూరగాయలు, మందులు, పిల్లల పుస్తకాలు నడిచే దారిలోనే దొరకాలి.

ఇన్నేళ్లూ ఇతరులు గీసిన గీతలకి రంగులు వేసిన నాకు, మొదటిసారి మొత్తం బొమ్మ అప్పగించారు. సోమవారం దిగాను. శుక్రవారానికి నమూనా ఇచ్చెయ్యాలి.

తెనాలి: నీళ్లూ, జిలేబీ, ఒక గోడ

మాది కదిరి. అనంతపురం వైపు మనిషికి తెనాలి చూపించడం అంటే ఆకలిగా ఉన్నవాణ్ణి పెళ్లి పందిట్లో కూర్చోబెట్టడమే. ఊరి మధ్యలోంచి ఒకటి కాదు, మూడు కాలువలు. వంతెన మీద నిలబడి కాసేపు నీళ్లనే చూశాను. పక్కనే ఒకాయన నింపాదిగా స్కూటరు కడుగుతున్నాడు. మా ఊళ్లో ఇన్ని నీళ్లు కనిపిస్తే ముందు దణ్ణం పెడతాం, తర్వాతే మిగతా పనులు.

టిఫిన్ దగ్గర తొలి చమత్కారం జరిగింది. ఇడ్లీ ప్లేటు ముప్ఫై రూపాయలు, దాని మీద కారప్పొడి, నెయ్యి, పక్కన అల్లం చట్నీ. "నీళ్లు యాడున్నాయన్నా?" అని అడిగాను. హోటలాయన ఒక్క క్షణం ఆగి నవ్వేశాడు.

"మీదే ఊరండి?"

"కదిరి."

"అదీ సంగతి. 'యాడ' అంటే ఎవరా అనుకున్నా. మీ వైపు అల్లం చట్నీ ఉండదంట కదండి?"

"ఉండదన్నా. శనక్కాయల చట్నీ."

"పాపం" అన్నాడాయన, నిజంగానే జాలిపడుతూ. ఇంకో గరిటె అల్లం చట్నీ వేశాడు. బజార్లో వేడివేడి బెల్లం జిలేబీ తిన్నాక నాకే నా మీద కాస్త జాలి కలిగింది.

ఆ పూటంతా స్టేషన్ చుట్టూ తిరిగాను. జనం ఎటు దిగుతున్నారు, ఎటు నడుస్తున్నారు అని చూడటమే నా పని. ముందు వైపు నుంచి బయటికి వచ్చేవాళ్లకి ఆటోలు, దుకాణాలు అన్నీ ఉన్నాయి. వెనక వైపు నుంచి వచ్చేవాళ్ల కథ వేరు. అక్కడొక సన్నటి సందు, దాని పొడుగునా నిలువెత్తు ఇటుక గోడ. పూల బుట్టలు ఎత్తుకున్న ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, చేతికర్రతో ఒక పెద్దాయన, అందరూ ఆ గోడ పక్కనే ఎండలో నడిచి నడిచి, చివర మలుపు తిరిగి, అంత దూరమూ వెనక్కి వచ్చి మార్కెట్టు రోడ్డు ఎక్కుతున్నారు. గోడకి అవతలే ఆ రోడ్డు ఉంది. హారన్లు వినిపిస్తున్నాయి.

ఆ గోడ వెనక ఉన్నది ఒక రైసు మిల్లు. ఆడి చాలా ఏళ్లయింది. హైదరాబాదులో మ్యాపు మీద చూసినప్పుడే నా కళ్లు దాని మీద పడ్డాయి. మిల్లు మధ్యలోంచి ఒక దారి తీస్తే సందు, రోడ్డు కలిసిపోతాయి. ఆ దారికి రెండు వైపులా దుకాణాలు, పైన ఇళ్లు, హాస్టలు. నా బొమ్మకి గుండెకాయ అదే. స్థలం మాత్రం ముగ్గురు తోబుట్టువులది: తెనాలిలో అన్నయ్య, బాపట్లలో చెల్లెలు, రేపల్లెలో తమ్ముడు.

అన్నయ్య వెంకటరత్నం గారికి మిల్లుకి ముందు వైపున, మార్కెట్టు రోడ్డు మీద, ఇనుప సామాన్ల కొట్టు ఉంది. తెల్లటి పంచె, డెబ్బై దాటిన మనిషి. బొమ్మ పరిచి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చాలా శ్రద్ధగా చూశారు.

"బాగుందమ్మా. మా మిల్లు ఇంత అందంగా ఉంటుందని నాకే తెలీదు."

"మరి దారికి ఒప్పుకుంటారా అండి?"

"నాకేం అభ్యంతరం? చెల్లీ తమ్ముడూ సరేనంటే నేనూ సరే."

"మీరు వాళ్లకి ఒకసారి ఫోన్ చేసి చెబుతారా?"

ఆయన మేకుల డబ్బా మూత సరిచేశారు. అది సరిగ్గానే ఉంది. "నువ్వు చెప్పమ్మా. చదువుకున్నదానివి, నీ మాటైతే వింటారు" అన్నారు. ఆ వెంటనే లోపలికి తిరిగి, "అమ్మాయికి కాఫీ తెప్పించండ్రా" అని కేకేశారు.

సాయంత్రం మా ఆఫీసు పెద్దాయనకి ఫోన్ చేశాను. "ముగ్గురూ ఒప్పుకుంటే సంతోషం. గురువారం దాకా చూడు. కుదరకపోతే మిల్లు వదిలేసి గీసెయ్. గోడ ఉంటే ఉంటుంది, కొంప మునగదు" అన్నారాయన. కొంప మునగదు నిజమే. కానీ ఆ సందులో నడిచేవాళ్లు ఎండలో అలా నడుస్తూనే ఉంటారు.

ప్లానరు దారి తప్పడం

మర్నాడు బాపట్ల వెళ్లాలి. ఈ జంక్షన్‌లో జనం ఎలా తికమకపడతారో రాత్రి ఒక పేజీ రాసుకున్నాను. పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ, పూలు గుచ్చుకుంటున్న ఒకావిడతో కబుర్లలో పడి, వచ్చిన బండి ఎక్కేశాను. కిటికీ పక్కన సీటు దొరికిందని సంబరపడ్డాను కూడా.

"బాపట్ల ఎంతసేపు పడుతుందండి?" అని పక్కావిణ్ణి అడిగాను.

"బాపట్లేంటమ్మా? ఇది గుంటూరు పోయే బండి!"

పెట్టెలో ఉన్నవాళ్లంతా నన్ను కాపాడే పనిలో దిగారు. ఎక్కడ దిగాలి, ఆటో ఎక్కడ ఎక్కాలి అని తలా ఒక మాట చెప్పారు. ఒక మామ్మ గారు దారిలో తినమని అరటిపండు చేతిలో పెట్టారు. "ఏం పనమ్మా నీది?" అని కూడా అడిగారు. "స్టేషన్లలో జనం దారి తప్పకుండా చూడటమండి" అని చెప్పే ధైర్యం లేక "ఉద్యోగమండి" అన్నాను. కొలకలూరులో దిగి, షేర్ ఆటోలో వెనక్కి వచ్చి, ఈసారి బోర్డు రెండుసార్లు చదివి బాపట్ల బండి ఎక్కాను.

బాపట్ల: ఇసుకలో వేరుశనగ

తెనాలి దాటాక రెండు పక్కలా వరి. నిడుబ్రోలు దాటిన తర్వాత మెల్లగా నేల రంగు మారుతుంది, గాలిలో ఉప్పు తెలుస్తుంది. బాపట్లలో అన్నపూర్ణ గారి ఇల్లు వ్యవసాయ కళాశాలకి దగ్గర్లో ఉంది. ఆవిడ అక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు, కానీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక విద్యార్థి ఏదో అడుగుతూ కనిపిస్తాడట. గేటు దగ్గరే నా ఊరు అడిగారు.

"కదిరా! మీ కదిరి నాకు బాగా తెలుసమ్మా. వేరుశనగ రకాలు చూడ్డానికి ఎన్నిసార్లు వచ్చానో. మీ వాళ్లు పెట్టిన రాగి సంగటి మింగలేక ఏడ్చాను, రెండోసారి వచ్చినప్పుడు అడిగి పెట్టించుకున్నాను."

ఆ ఒక్క మాటతో నాకు బంధువుల ఇంటికి వచ్చినట్టయింది. పెరట్లోకి తీసుకెళ్లి ఒక చిన్న మడి చూపించారు. సముద్రం పక్కన, ఇసుక నేలలో, మా ఊరి పంట! మా దగ్గర ఈ మొక్క ఆకాశం వైపు చూస్తూ బతుకుతుంది. ఇక్కడ బోరు నీళ్లు తాగి దర్జాగా ఉంది.

భోజనంలో దోసకాయ పప్పు, గోంగూర, గడ్డ పెరుగు. తిన్నాక బొమ్మ పరిచాను. ఆవిడ వేలితో దారి వెంట మెల్లగా వెళ్లారు.

"నాకు నచ్చింది. పిల్లలకి హాస్టలు పెట్టావు చూడు, అది ఇంకా నచ్చింది. నేను చదువుకునే రోజుల్లో బండి తప్పిపోతే ఆడపిల్ల ఆగడానికి ఆ స్టేషన్ పక్కన ఒక గది ఉండేది కాదు. కానీ అమ్మాయ్, సంతకం మాత్రం ఇప్పుడే పెట్టను."

"ఎందుకండి?"

"ముగ్గురం ఒకచోట నిలబడి మాట్లాడుకుంటేనే పెడతాను. అంతవరకు పెట్టను."

అప్పుడు అసలు సంగతి చెప్పారు. వాళ్ల నాన్నగారు పోయాక మిల్లు నష్టాల్లో పడింది. తమ్ముడు సాంబశివరావు గారు ఎలాగైనా నడుపుదామన్నారు. ఆయన అత్తగారి ఊరు వెళ్లిన సమయంలో అన్నయ్య మిల్లు మూసేశారు.

"మూసెయ్యడం తప్పని నేననను. ఇంకో ఏడాది నడిపితే ముగ్గురం మునిగేవాళ్లం. కానీ తమ్ముడికి ఆ సంగతి బస్సులో ఎవరో చెబితే తెలిసింది. వాడి కోపమంతా అక్కడే. పెళ్లిళ్లలో కలుస్తారు, ఒకే వరసలో కూర్చుని తింటారు, పలకరింపులు మాత్రం నా మీదుగా. 'వాణ్ణి పెరుగు వేయించుకోమనవే' అంటాడు అన్నయ్య, వాడు పక్క విస్తరి ముందే ఉన్నా."

ఇద్దరం నవ్వాం. ఆవిడ ముందు ఆపేశారు.

సాయంత్రం సూర్యలంక తీసుకెళ్లారు. దారిలో సరుగుడు తోటలు, ఆ తర్వాత ఉన్నట్టుండి సముద్రం. నాకు ముప్ఫై దాటాయి. ఇన్నేళ్లలో సముద్రం చూసింది వేళ్ల మీద లెక్కే. చెప్పులు చేతిలో పట్టుకుని చిన్నపిల్లలా పరిగెత్తాను. ఆవిడ మోకాలి నొప్పితో మెల్లగా వచ్చి, తడి ఇసుకకి కాస్త ఎగువన కూర్చున్నారు. బొమ్మ ఇంకోసారి చూపించమన్నారు. ఇసుక మీద పరిచి, మూలల మీద నాలుగు చెప్పులు పెట్టాం. ఆవిడ స్టేషన్ వైపు నేను గీసిన పార్కింగ్ భవనం మీద వేలు పెట్టి "ఇంత పెద్దది ఎందుకు?" అని అడిగారు. నేను జవాబు మొదలుపెట్టేలోపు ఒక అల, ఎక్కడి నుంచి బలం తెచ్చుకుందో, మమ్మల్ని నడుం దాకా తడిపేసింది. బొమ్మ తేలింది. చెప్పులు తేలాయి. నేను బొమ్మ వెనక, ఆవిడ కూర్చున్నచోటే నవ్వుతూ, పక్కన వేరుశనక్కాయలు అమ్మే ఆయన మా చెప్పుల వెనక. కాగితం దొరికింది. పార్కింగ్ ఉన్న చోట నీలం మరక మిగిలింది.

"సముద్రానికి కూడా నచ్చలేదమ్మా" అన్నారు అన్నపూర్ణ గారు చీర పిండుకుంటూ.

చెరుకుపల్లి మీదుగా

రాత్రి అన్నపూర్ణ గారింట్లోనే ఉండి, బుధవారం బాపట్ల నుంచి రేపల్లెకి బస్సులో వెళ్లాను. కర్లపాలెం, చెరుకుపల్లి, అన్నీ వరి మధ్యలో. మా వైపు బస్సులో ఊరికి ఊరికి మధ్య ఖాళీ ఉంటుంది, కొండలుంటాయి, కాసేపు నిశ్శబ్దంగా ఉండొచ్చు. ఇక్కడ ఒక ఊరు అయిపోయిందనుకునేలోపు ఇంకో ఊరు. ఎక్కే ప్రతి మనిషికీ బస్సులో ఎవరో ఒకరు వరసకి అవుతారు. "ఏంటి వదినా, ఇటెక్కడికి?" "అత్తయ్యా, జరుగు." చెరుకుపల్లిలో ఎక్కిన ఒకాయన నా చేతిలో బొమ్మ చుట్టి పెట్టిన గొట్టం చూసి అదేంటని అడిగారు. స్టేషన్ సంగతి చెప్పాను. అంతే, బస్సు సగం సభ అయింది. బజారు కావాలని ఒకరు, ముందు మంచి బాత్‌రూములు కావాలని ఇంకొకరు. వెనక సీటులోంచి ఒక టీచరమ్మ లేచి నిలబడి, "కూర్చోడానికి చోటు ముఖ్యమండి. కొనేది ఏమీ లేకపోయినా కూర్చోనివ్వాలి" అన్నారు. ఆ మాట అక్కడికక్కడే కాగితం అంచున రాసుకున్నాను. రేపల్లె వచ్చేసరికి గొంతు పోయింది, కానీ ఎంత హుషారుగా ఉందో!

నిజాంపట్నం చేపలు, రేపల్లె పులుసు

సాంబశివరావు గారు బస్టాండుకి కారులో వచ్చారు. భారీ మనిషి, పెద్ద గొంతు. వరి పండిస్తారు, ఇల్లు రేపల్లెలో. "మిల్లు మాటలు తర్వాతమ్మా. మా ఇంటికి మొదటిసారి వచ్చావు, చేపలు కొనకుండా మాటలేంటి?" అంటూ తిన్నగా నిజాంపట్నం తీసుకెళ్లారు.

మెకనైజ్డ్ బోట్లు అప్పుడే వచ్చి ఒడ్డుకి ఆనుకున్నాయి. తడి సిమెంటు మీద చేపలు కుప్పలుగా పోసి వేలం పాడుతున్నారు. ఆ పాట వేగానికి ఒక్క అంకె కూడా నాకు అందలేదు. నచ్చిన చేపని దగ్గరగా చూద్దామని వేలు చూపించాను. పాట పాడేవాడు నా వైపు తిరిగి అదే వేగంతో ఏదో అన్నాడు. అందరూ నన్నే చూశారు. సాంబశివరావు గారు నా చెయ్యి కిందికి దించి, "అమ్మాయ్, ఆ కుప్పంతా కొనేసేదానివి" అన్నారు. అక్కడున్న ఆడవాళ్లు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. అవతల ఎండబెట్టిన చేపల వాసన, ఆ పైన కాకుల గోల. మాకు మాంసం అంటే పొట్టేలే. చేప అంటే చెరువు నిండిన ఏడాది వచ్చే చుట్టం.

ఇంటి దగ్గర ఆయన భార్య ఇందిర గారు చందువ పులుసు, రొయ్యల వేపుడు చేశారు. "పులుసు రేపు పొద్దున్నకి ఇంకా బాగుంటుందమ్మా, ఉండిపో" అన్నారు. అలా ఆ రాత్రికి నా బస కూడా తేలిపోయింది.

భోజనాల తర్వాత నీలం మరకున్న బొమ్మ చూపించాను. సాంబశివరావు గారు బొమ్మ మీదికి వంగి, వేలు పెట్టి మెల్లగా అడిగారు. అంత పెద్ద గొంతు ఒక్కసారిగా తగ్గిపోవడం చూస్తే నాకు భయం వేసింది.

"ఈ నల్ల చారలున్నది వడ్లు ఆరబోసే కళ్లం కదా?"

"అవునండి. అక్కడ దుకాణాలు అనుకున్నాం."

"దాన్ని ఖాళీగా ఉంచితే రైతులు సాయంత్రం పూట కూరగాయలు నేరుగా తెచ్చి అమ్ముకుంటారు. రేపల్లె బండిలో తెస్తారు." బొమ్మ నా వైపు జరిపి అన్నారు: "నాకు ఇవ్వడానికి అభ్యంతరం లేదమ్మా. కానీ అన్నయ్య నన్ను అడిగాడా?"

"నన్ను మాట్లాడమన్నారండి."

"నిన్ను పంపాడు. నన్ను అడగలేదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ఇందిర గారు వంటింటి గుమ్మంలోంచి, "ఆయన అడగలేదు సరే, మీరు వెళ్లి అడిగించుకోండి. ఇక్కడ కూర్చుంటే ఎవరడుగుతారు?" అన్నారు. ఆయన భార్య వైపు చూశారు, బొమ్మ వైపు చూశారు.

"రేపు పొద్దున బండికి వస్తాను. అక్కని కూడా రమ్మను. ఆయనకి మాత్రం చెప్పొద్దు."

అన్నపూర్ణ గారికి వెంటనే ఫోన్ చేశాను. వెంకటరత్నం గారికి మాత్రం "రేపు పొద్దున ఒకసారి స్టేషన్‌కి రండి, దారి చూపించాలి" అని మాత్రమే చెప్పాను.

మళ్లీ జంక్షన్

రేపల్లె నుంచి బండి ఖాళీగా బయల్దేరి, భట్టిప్రోలు, వేమూరు దాటేసరికి నిండిపోయింది. సాంబశివరావు గారు ఆ బండి ఎక్కి ఎన్నో ఏళ్లయిందట. కిటికీ పక్కన కూర్చుని పొలాలు ఎవరివో చెబుతూ వచ్చారు. తెనాలి దగ్గరపడేకొద్దీ మాటలు తగ్గాయి.

దిగి చూస్తే, పట్టాల అవతల ప్లాట్‌ఫారం మీద అన్నపూర్ణ గారు. బాపట్ల బండి దిగి, లేత ఆకుపచ్చ చీరలో, చేతిలో సంచితో నిలబడి ఉన్నారు. "అక్కా!" అని సాంబశివరావు గారు వేసిన కేకకి ప్లాట్‌ఫారం అంతా తిరిగింది. ఆవిడ చెయ్యి ఊపారు.

"లిఫ్టులో రండి మేడం!" అని నేనూ అరిచాను.

"ఆ పెట్టెలో నాకు ఊపిరాడదమ్మా! చచ్చినా ఎక్కను!"

"మెట్లు ఎక్కకక్కా, మోకాళ్లు! నేనొస్తా, ఆగు!"

సరిగ్గా అప్పుడే మధ్య లైనులోకి గూడ్సు బండి వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, అంతులేదు. పెట్టెల మధ్య సందుల్లోంచి ఆకుపచ్చ రంగు ఒకసారి కనిపించి పోయింది. గూడ్సు వెళ్లిపోయాక చూస్తే ఆవిడ అక్కడ లేరు. రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నారు. తమ్ముడు ఇటు నుంచి పరుగులాంటి నడకతో ఎక్కారు. ఆయన వెనక నేను, నా గొట్టం. వంతెన పైన ఇద్దరూ కలుసుకునేసరికి ఇద్దరికీ ఆయాసం. అక్కడే పై మెట్టు మీద కూర్చుండిపోయారు. జనం చుట్టూ తిరిగి పోతున్నారు. ఒకమ్మాయి తన నీళ్ల సీసా ఇచ్చి వెళ్లిపోయింది.

"ఇంత ఆయాసమేంట్రా?"

"నీకంటే తక్కువే."

వెంకటరత్నం గారు అటు మెట్ల మీంచి పైకి వచ్చారు. నన్ను చూసి ఏదో అనబోయి, కింద కూర్చున్న ఇద్దరినీ చూశారు. ఆగిపోయారు. చెప్పకుండా పిలిపించానని కోప్పడి వెనక్కి తిరిగితే అంతా అయిపోయినట్టే.

"టిఫిన్ చేశారా?" అన్నారాయన. ఎవరినని చెప్పలేదు.

"నేను చెయ్యలేదు అన్నయ్యా" అన్నారు సాంబశివరావు గారు. సూటిగా ఆయన్నే చూస్తూ అన్నారు.

పెద్దాయన పంచె సర్దుకుని తమ్ముడి పక్కన మెట్టు మీద కూర్చున్నారు. కింద ఏదో బండి వస్తోందని మైకులో చెబుతున్నారు. అది అయ్యేదాకా ఆగారు.

"అప్పుడు నీకు చెప్పాల్సిందిరా. చెబితే నువ్వు వద్దంటావని, వద్దంటే నేను మూయలేనని చెప్పలేదు." కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. "మిల్లులోంచి ఈ అమ్మాయి దారి అడుగుతోంది. ఇద్దామా? నువ్వేమంటావు?"

అన్నపూర్ణ గారు పక్కకి తిరిగి కళ్లు ఒత్తుకున్నారు. నేను కూడా అదే పని చేశాను, దాచడానికి ఏమీ లేదు.

"ఇద్దాం" అన్నారు సాంబశివరావు గారు చివరికి. "కళ్లం మాత్రం ఖాళీగా ఉండాలి."

"ముందు టిఫిన్ చేద్దాం పదండి" అన్నారు పెద్దాయన.

మిల్లులో

ఒప్పుకోవడం అంటే గొడవలు లేకపోవడం కాదని ఆ మధ్యాహ్నం తెలిసింది. దుమ్ము, గబ్బిలాల వాసన, రేకుల కప్పులోంచి పడే వెలుగు చారలు. ఆ మధ్యలో ముగ్గురూ నా బొమ్మ మీద గొంతులు పెంచి వాదించుకున్నారు. కళ్లం ఖాళీగా వదిలేస్తే దుకాణాలు తగ్గిపోతాయని అన్నయ్య, రైతులే కొట్టుకి కూడా గిరాకీ తెస్తారని తమ్ముడు. అన్నపూర్ణ గారిది ఒకటే షరతు: వంతెన మీంచి ఈ దారిలోకి దిగేచోట మెట్లు కాదు, వాలు ఉండాలి.

"ఎంత వాలు మేడం?"

"నాలాంటిది ఆయాసపడకుండా, సంచి కింద పెట్టకుండా ఎక్కేంత. లిఫ్టు కూడా పెట్టుకో, ఎక్కేవాళ్లు ఎక్కుతారు."

అంత నిదానమైన వాలుకి ఎంత పొడవు కావాలో నాకు తెలుసు. ఆ పొడవు పెడితే పార్కింగ్ భవనం పోవాలి. కళ్లం ఖాళీగా ఉంచి, వాలు పెడతానని మాటిచ్చాక ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాను. మా పెద్దాయన గొణిగారు, అద్దెలు తగ్గుతాయన్నారు. ఆఖరికి, "సరే, సంతకాలు వచ్చాయా?" అని అడిగారు. వచ్చాయన్నాను. "అయితే నీ ఇష్టం, నీ బొమ్మ" అన్నారు. నేల మీద కూర్చుని, పాత బస్తా మీద కాగితం పెట్టుకుని పార్కింగ్ చెరిపేసి వాలు గీశాను. టీచరమ్మ అడిగిన బెంచీలు కూడా పెట్టాను. ముగ్గురూ నా భుజాల మీంచి చూస్తూ, గీత ఇటు జరపమని, అటు జరపమని ఒకేసారి చెబుతున్నారు. నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

నమూనా శుక్రవారం ఇచ్చేశాం. ఇది రాస్తున్న రోజుకి అది ఇంకా పరిశీలనలోనే ఉంది. కట్టేదెప్పుడో, ఎంతవరకు కడతారో నేను చెప్పలేను. కానీ ఆ గురువారం సాయంత్రం జరిగింది మాత్రం చెప్పగలను.

దారి సందులో ఎక్కడ కలుస్తుందో కళ్లారా చూడాలన్నాను. మిల్లు వెనక మూలన, తీగలు అల్లుకున్న ఒక ఇనుప గేటు ఉంది. బయటి నుంచి చూస్తే గోడలో భాగమే అనిపిస్తుంది. వెంకటరత్నం గారు కొట్లోంచి నూనె డబ్బా, సుత్తి తెచ్చారు. తమ్ముడు తీగలు లాగారు. ఇద్దరూ భుజాలు ఆనించి తోస్తే గేటు కిర్రుమంటూ కదిలి, ఆగి, మళ్లీ కదిలింది. మనిషి పట్టేంత, ఆ తర్వాత ఇద్దరు పట్టేంత. సందులోని ఎండ నేల మీద పొడుగ్గా పడింది.

అప్పుడే ఏదో బండి వచ్చినట్టుంది. వెనక వైపు నుంచి జనం బయటికి వస్తున్నారు. ముందు నడుస్తున్న ఒకావిడ, నెత్తి మీద గంపతో, గేటు దగ్గర ఆగి లోపలికి తొంగి చూసింది. మిల్లు అవతలి తలుపులోంచి మార్కెట్టు రోడ్డు, తిరిగే ఆటోలు కనిపిస్తున్నాయి.

"ఏవండీ, ఇటు నుంచి రోడ్డు మీదికి దారుందా?"

వెంకటరత్నం గారు తమ్ముడి వైపు, చెల్లెలి వైపు చూశారు.

"చెప్పు అన్నయ్యా" అన్నారు అన్నపూర్ణ గారు.

"ఉందమ్మా. తిన్నగా వచ్చెయ్" అన్నారాయన, పక్కకి జరుగుతూ.

ఆవిడ లోపలికి వచ్చింది. గంప తగలకుండా సాంబశివరావు గారు తీగలు పైకెత్తి పట్టుకున్నారు. ఆవిణ్ణి చూసి వెనక ఉన్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, వాళ్లని చూసి చేతికర్ర పెద్దాయన, ఆయన్ని చూసి ఇంకా ఎందరో. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నేను గీసిన గీత మీదుగానే నడుచుకుంటూ వెళ్లిపోయారు.